తొట్టి బాబాయి, తెల్లమచ్చ

ఆయన పోయిన రోజు మధ్యాహ్నం ఇంటి ముందు షామియానా వేశారు. పంచాయతీ నుంచి వచ్చిన మనిషి మురుగుకాలవ పక్కనా, గుమ్మం ముందూ బ్లీచింగ్ పౌడరు చల్లి వెళ్ళాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఎందుకంటే ఆ పౌడరుకి వాసన లేదు. ఆయన గనక లేచి కూర్చోగలిగితే, చిటికెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది ఎప్పటిదయ్యా? ఘాటంతా పోయింది. ముగ్గేసుకోడానికి తప్ప దేనికీ పనికిరాదు, పట్టుకుపో," అని వెనక్కి పంపించేసేవారు. పక్కనే ఉన్న పిన్నిగారు, అంటే ఆయన భార్య, నా మొహం చూసి సంగతి పసిగట్టేశారు. "మీకూ అలాగే అనిపించిందా మాస్టారూ?" అన్నారు కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

ఊళ్ళో ఆయన్ని తొట్టి బాబాయి అనేవారు. ఎదురుగా మాత్రం బాబాయిగారూ అనే పిలిచేవాళ్ళం. భీమవరం చుట్టుపక్కల చాలా ఊళ్ళలాగే మా ఊరు కూడా వరి మానేసి రొయ్యల చెరువులకి తిరిగింది. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పుకునే నాక్కూడా ఒక చిన్న చెరువుంది. డ్రెయిను వెంబడి వరసగా ఉన్న చెరువుల్లో అన్నిటికంటే పైనున్నది ఆయనది. దాని కిందది ఆయన బావమరిదిది, ఆ తర్వాతది నాది, నా కింద ఇంకా బోలెడు. వాడిన నీళ్ళు వదిలేదీ ఆ డ్రెయిన్లోకే, కొత్త నీళ్ళు తోడుకునేదీ అందులోంచే. పై చెరువు స్నానం చేసిన నీళ్ళు కింది చెరువుకి తీర్థం అన్నమాట.

ఆయన చెరువు గేటు దగ్గర నీలం ప్లాస్టిక్ డ్రమ్మును కోసి నేలలో పాతిన తొట్టి ఉండేది. అందులో క్రిములు చావడానికి పర్మాంగనేటు కలిపిన వంకాయరంగు నీళ్ళు. చెప్పులు విడిచి, అందులో కాళ్ళు ముంచి లోపలికి రావాలి. మేతబస్తాలు మోసేవాళ్ళయినా, తనిఖీకొచ్చిన ఆఫీసరైనా ఒకటే రూలు. ఆ నీళ్ళకి గోళ్ళు గోధుమరంగుకి తిరిగి వారం దాకా వదిలేవి కావు. ఎవరి కాళ్ళు చూసినా వాళ్ళు బాబాయిగారి చెరువుకి వెళ్ళొచ్చారో లేదో చెప్పేయొచ్చు. ఒకసారి జంగారెడ్డిగూడెం నుంచి ఆయన వియ్యంకుడు కొత్త తెల్లబూట్లు వేసుకుని చెరువు చూడ్డానికి వచ్చాడు. బూట్లు విప్పడం ఇష్టంలేక, బయటి నుంచే చూసి వెళ్తానన్నాడు. "బయట్నించి కూడా బాగానే కనపడుద్దండి బావగారూ," అని బాబాయిగారు ఒక స్టూలు తెప్పించి గేటు అవతల వేయించారు. వియ్యంకుడు స్టూలెక్కి చెరువు చూసి, దిగి, కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

కరోనా వచ్చినప్పుడు ఊరంతా భయపడింది. ఆయన ఒక్కరే కొంచెం గర్వపడ్డారని నా అనుమానం. ఇన్నాళ్ళూ ఆయన మాట వినని ప్రపంచం మొత్తం ఒక్కసారిగా చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది మరి. చర్చిలో అందరూ చేతులు కలుపుకునే రోజుల్లోనే ఆయన దూరం నుంచి వందనాలు పెట్టేవారు. "అప్పుడు నన్ను చాదస్తం అన్నారుగా," అని ఒక్కొక్కరికీ పేరుపేరునా గుర్తుచేశారు. అయితే మాస్కు మాత్రం ఆయన గడ్డం కింద వేలాడేది. ముక్కూ నోరూ మూసుకుంటే వైరస్ గురించి మాట్లాడటానికి అడ్డంగా ఉంటుందట.

వైరస్ గురించి మాట్లాడకుండా ఆయన ఉండలేరు. తెలిసింది కొంత, విన్నది కొంత, సొంత కవిత్వం కొంత. నా డిగ్రీని గౌరవిస్తూనే నాకు పాఠం చెప్పేవారు. వైరస్ ఎలా మారుతుందో ఆయన చెప్పిన తీరు మాత్రం నేను ఇప్పటికీ పదో తరగతి పిల్లలకి వాడుకుంటున్నాను.

మా బాప్టిస్టు చర్చిలో ఒక పాత కీర్తన ఉంది. దాని రెండో చరణంలో ఒకచోట రాగం కిందికి దిగాలి. బాబాయిగారికి అక్కడ దిగడం ఎప్పుడూ చేతకాలేదు. పైకి ఎక్కేసేవారు. గొంతేమో రేవులో పడవని పిలిచే గొంతు. ఆయన పక్క బెంచీవాళ్ళు విధిలేక ఆయనతోపాటు ఎక్కారు. వాళ్ళ వెనకవాళ్ళూ ఎక్కారు. కొన్నేళ్ళకి కీబోర్డు వాయించే అమ్మాయి కూడా అదే నేర్చుకుంది. ఇప్పుడు ఎవరైనా పొరుగూరు నుంచి వచ్చి సరిగ్గా పాడితే మేమే తిరిగి చూస్తాం.

"చూశారా మాస్టారూ," అనేవారు ఆయన, సిగ్గేమీ లేకుండా. "మా తాత పాడింది ఒక రాగం, ఇప్పుడు మనం పాడేది ఒకటి. ఎవరైనా కూర్చుని మార్చారా? పాడతా పాడతా మారిపోయింది. వైరస్సూ అంతేనండి. తనని తాను కాపీ కొట్టుకుంటా పోద్ది. తప్పులు బోలెడు పడతాయి. అన్నీ నిలబడవు. గట్టిగా పాడిన తప్పే నిలబడుద్ది."

రొయ్యల మందులు అమ్మేవాళ్ళకి ఆయనంటే హడలు. తెల్లమచ్చ అనే రొయ్యల వైరస్ జబ్బుకని ఒక సీసా పట్టుకుని వచ్చిన కుర్ర సేల్స్‌మన్‌ని ముందు తొట్టిలో ముంచి, తర్వాత మాటల్లో ముంచారు. నేను అక్కడే ఉన్నాను.

"తెల్లమచ్చకి మందా ఇది?"

"మందని కాదండి. ఇమ్యూనిటీ పెరుగుద్దండి."

"రొయ్యకా? ఒరే నాయనా, మనకి ఒకసారి తట్టు వత్తే మన ఒళ్ళు దాన్ని గుర్తెట్టుకుంటది. మళ్ళీ వత్తే తన్ని తగలేత్తది. రొయ్యకి మనకున్నట్టు గుర్తుండే ఒళ్ళు లేదు. నిన్న కొట్టినోడెవడో దానికి ఇయ్యాల తెలీదు. అందుకే దానికి టీకా పని చెయ్యదు. నువ్వేమో సీసా తెచ్చావ్."

కుర్రాడు ఏదో యాంటీబయాటిక్ పేరు చెప్పాడు. అది చెప్పకుండా ఉండాల్సింది. "దొంగతనం చేసింది ఒకడైతే పక్కింటోణ్ణి కొడతావా?" అని బాబాయిగారు లేచి నిలబడ్డారు. "ఆ బిళ్ళలు బాక్టీరియాకి. ఇది వైరస్. ఊరికే కొడతా ఉంటే ఆ పక్కింటోడు మొండికెక్కుతాడు. రేపు మీ అమ్మకి కాలు చీము పట్టిందనుకో, డాక్టరుగారు అదే బిళ్ళ ఇత్తే ఆ మొండోడు నవ్వుతాడు. అప్పుడు ఎవడి దగ్గరకెళ్తావ్?" కుర్రాడు గోధుమరంగు కాళ్ళతో వెళ్ళిపోయాడు. మళ్ళీ మా డ్రెయిను వైపు రాలేదు.

ఇదంతా చాదస్తంగానే మొదలవలేదు. అందరూ టైగర్ రొయ్యలే పెంచే పాత రోజుల్లో ఆయన చెరువు ఒక్కటే కాదు, జిల్లాలో చెరువులన్నీ తెల్లమచ్చకి తుడిచిపెట్టుకుపోయాయి. సాయంత్రం మేత తిన్న రొయ్యలు పొద్దున్నకి ఒడ్డు పట్టి చచ్చిపోయేవి. జబ్బు వచ్చినందుకు ఆయన అంత బాధపడలేదు. అప్పట్లో ఆయనకున్నది డ్రెయిను దిగువన వేరే చెరువు. పైనున్న చెరువు అతనికి తన రొయ్యలకి జబ్బని ముందే తెలుసు. తెలిసి కూడా నోరు మెదపకుండా తూము తెరిచాడు. అందరూ చేసేదే అది. జబ్బని తెలిస్తే కొనేవాడు ధర దించేస్తాడు, ఊళ్ళో మాట పోతుంది. అందుకని గుట్టుగా రొయ్యలు పట్టి అమ్మేసి, నీళ్ళు డ్రెయిన్లోకి వదిలి, చేతులు దులుపుకుంటారు. బాబాయిగారికి ఆ గుట్టంటే మంట. "మందు లేని జబ్బుకి కబురే మందండి," అనేవారు. "అది రోజుకో వేషం మారుస్తది. మనం మాత్రం మారం. దాయడం మానం."

దీని మీద ఆయన చర్చిలో చేసిన గొడవ ఇంతా అంతా కాదు. ఆదివారం ఆరాధనలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయం ఒకటుంటుంది. చెరువు పోతున్నవాడు లేచి, "నా చెరువు కోసం ప్రార్థన చెయ్యండి," అని కూర్చుంటాడు. ఏ జబ్బో చెప్పడు. బాబాయిగారు వెంటనే లేచేవారు.

"ఏం జబ్బు?"

"దేవుడికి తెలీదా బాబాయిగారూ, పేరెందుకు?"

"దేవుడికి తెలుసు. పక్క చెరువోడికి తెలీదు."

పాస్టరుగారు మెత్తటి మనిషి. కళ్ళు మూసుకుని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టేసేవారు. ఒక ఏడాది బావమరిది చెరువు చుట్టూ చచ్చే రొయ్యల కోసం కొంగలు గుంపుగా తిరగడం ఊరంతా చూసింది. అతను మాత్రం ఏమీ లేదంటాడు. ఆ ఆదివారం ప్రార్థన చేయమని పాస్టరుగారు బాబాయిగారినే పిలిచారు. ఆయన కళ్ళు మూసుకుని, రేవు గొంతుతో, "ప్రభువా, మా బావమరిది చెరువులో ఏముందో నీకు తెలుసు. మాక్కూడా చెప్పించు తండ్రీ," అన్నారు. ముందు ఒక పిల్ల కిసుక్కుమంది, ఆ తర్వాత ఆడవాళ్ళ వైపంతా నవ్వు. బావమరిది లేచి చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. ఆ వారమే తూము తెరిచాడు. నాదీ, నా కిందవాళ్ళవీ చెరువులు పోయాయి. ఆ రోజు నుంచి బావా బావమరుదులకి మాటల్లేవు. పండక్కి పిన్నిగారు తమ్ముడింటికి ఒక్కరే వెళ్ళొచ్చేవారు.

నవ్వుకోవడానికి ఇంకొకటి కూడా చెప్పాలి. ఒక వేసవిలో కాలవలు కట్టేశారు. బాప్తిస్మానికి మనుషులున్నారు గానీ మునగడానికి నీళ్ళు లేవు. బాబాయిగారికి పెద్ద చెరువు పక్కనే ఒక చిన్న నిలవ చెరువుంది. డ్రెయిను నీళ్ళు ముందు అందులోకి తోడి, బ్లీచింగ్ వేసి, తేరాక పెద్దదాన్లోకి పెట్టుకుంటారు. ఊళ్ళో నడుంలోతు శుభ్రమైన నీళ్ళు అక్కడే ఉన్నాయి. పాస్టరుగారు వచ్చి అడిగారు.

"తప్పకుండానండి అయ్యగారూ. ఘాటు తగ్గడానికి రెండ్రోజులు ఆగుదాం. మరి తొట్టి?"

"తొట్టి ఏంటండీ?"

"కాళ్ళండి. ముంచాలి కదా."

"వాళ్ళు పాపాలు కడుక్కోడానికి వస్తున్నారండి," అన్నారు పాస్టరుగారు, కొంచెం నొచ్చుకుని.

"ఆయ్. పాపాలు మీరు చూసుకోండి. కాళ్ళు నేను చూసుకుంటాను."

అలా తెల్లబట్టలు కట్టుకున్నవాళ్ళంతా వరసలో నిలబడి, పాటలు పాడుకుంటూ, ఒక్కొక్కరే తొట్టిలో కాళ్ళు ముంచి బాప్తిస్మానికి వెళ్ళారు. పాస్టరుగారు కూడా ముంచారు. తర్వాతి ఆదివారం ఆయన వేదిక మీద చెప్పుల్లేకుండా నిలబడి ప్రసంగం చేస్తుంటే మేమంతా ఆయన గోధుమరంగు గోళ్ళు చూస్తూ కూర్చున్నాం. వాక్యం ఎవరికీ గుర్తులేదు. జనం వెళ్ళగానే బాబాయిగారు ఆ నీళ్ళలో మళ్ళీ బ్లీచింగ్ వేశారు. "నమ్మకం లేక కాదు మాస్టారూ," అన్నారు. "దేవుడి మీద ఉంది. మనవాళ్ళ మీదే లేదు."

ఇంత జాగ్రత్త మనిషికి ఒక బలహీనత ఉండేది. పీతల పులుసు. చెరువు చుట్టూ పీతలు దూరకుండా నైలాన్ వల కట్టించింది ఆయనే. "పీత జబ్బుని ఒంట్లో పెట్టుకుని తిరుగుద్ది, తను చావదు, మనల్ని చంపుద్ది," అని ఊరంతా చెప్పిందీ ఆయనే. నరసాపురం నుంచి వచ్చే చేపలావిడ గంపలో బతికున్న పీతలు కనిపిస్తే మాత్రం ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయేవి. శత్రువుని నమిలి తినడం కూడా యుద్ధంలో భాగమే అనేవారు.

ఒక శనివారం పొద్దున్నే ఆయన దగ్గర్నుంచి ఫోను. "మాస్టారూ, ఒకసారి వస్తారా." అంతే. అంత తక్కువ మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. వెళ్ళి, కాళ్ళు ముంచి, లోపలికి నడిచాను. ఆయన గట్టు మీద కూర్చుని ఉన్నారు. రొయ్యలు ఎంత తింటున్నాయో చూసుకునే పళ్ళెం నీళ్ళలోంచి పైకి తీసి ఉంది. మేత మేతలాగే ఉంది. ఆయన ఒక రొయ్య తలపెంకు ఊడదీసి ఎండకి పట్టి నాకిచ్చారు. బియ్యపు నూకల్లాంటి తెల్లమచ్చలు.

"నా కళ్ళు బాలేవేమో. మీరు చూడండి."

"మీ కళ్ళు బాగానే ఉన్నాయి బాబాయిగారూ," అన్నాను. ఎన్ని సీజన్లు వచ్చినా, చుట్టూ ఎన్ని చెరువులు పోయినా, ఈ చెరువుకి మాత్రం తెల్లమచ్చ రాలేదని ఆయనకున్న పేరు. ఆ పేరుతోనే ఆయన అందర్నీ అన్ని మాటలన్నారు. ఆ మాటలు పడ్డవాళ్ళంతా ఇప్పుడు వడ్డీతో సహా తిరిగి ఇస్తారు.

రొయ్యలు కొనే ఏజెంటు ఎలా పసిగట్టాడో వచ్చేశాడు. గేటు దగ్గర కాళ్ళు ముంచి మరీ వచ్చాడు. "ఇంకా చావట్లేదు కదండీ. రేపు తెల్లారగట్ల తూము తీసి నీళ్ళు దించేద్దాం. పూటలో పట్టేత్తాం. సైజు చిన్నదే గానీ ఎంతో కొంత వత్తాది. మీరు చెప్పకపోతే ఎవరికి తెలుత్తాదండీ?"

తూము తీస్తే ఆ ఏడు తిండికైనా కొంత మిగులుతుంది, కానీ జబ్బు నీళ్ళు డ్రెయిన్లో పడి కిందనున్న మా అందరి చెరువుల్లోకీ వస్తాయి. తూము మూసి, చెరువు మొత్తానికి బ్లీచింగ్ పెట్టేస్తే జబ్బు గట్టు దాటదు. ఆయన రొయ్య మాత్రం ఒక్కటి మిగలదు. పిన్నిగారు అక్కడే నిలబడి ఉన్నారు. "పట్టించెయ్యండి. ఊరందరూ చేసేదే కదా," అన్నారు మెల్లిగా. ఆవిణ్ణి తప్పు పట్టలేను. ఆ చెరువు తప్ప వాళ్ళకి వేరే ఆధారం లేదు.

బాబాయిగారు ఇద్దరి మాటా విన్నట్టు లేరు. "ఎలా వచ్చిందండీ?" అంటున్నారు తనలో తను. "నీళ్ళు మందేసినవే. రొయ్యపిల్లని ల్యాబులో చూపించే వదిలాం. వల చిరగలేదు. పక్షులు వాలకుండా తాళ్ళున్నాయి. ఎలా వచ్చింది?"

"మొన్న పీతలు తెచ్చారుగా," అన్నారు పిన్నిగారు.

"తెత్తే?"

"ఎక్కడ కడిగారు?"

ఆయన పళ్ళెంలో మేత కెలకడం మొదలుపెట్టారు.

"వంటింట్లో బురద చెయ్యొద్దన్నానని ఇక్కడికే తెచ్చారు. ఈ గట్టు మీదే కూర్చుని చెరువు నీళ్ళలో కడిగారు. నేను చూశాను. మీరు కాళ్ళు ముంచుకునే వెళ్ళారు. సంచిలో ఉన్నవి ముంచుకోలేదు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆయన మొహం చూసి రెండూ ఆపుకున్నాను. ఆయన లేచి, ఏజెంటుతో, "తూము తియ్యనయ్యా, నువ్వెళ్ళు," అన్నారు. పిన్నిగారు కళ్ళొత్తుకుని, "సరే, మీ ఇష్టం. కానీ పీతల సంగతి మాత్రం బయట అనకండి. పిల్ల మంచిది కాదని చెబుదాం. పిల్లనమ్మే హేచరీవాళ్ళని ఎవరు తిట్టరు గనక," అన్నారు. ఆయన బ్లీచింగ్ బస్తాలు తెమ్మని పనివాళ్ళని కేకేశారు. మధ్యాహ్నానికి చెరువంతా బ్లీచింగ్ ఘాటు కమ్మేసింది. ఆయన తువ్వాలు ముక్కుకి కట్టుకుని గట్టు మీద తిరుగుతూ, తన చేతులతో పెంచుకున్నవి నీళ్ళ మీదికి తేలడం చూశారు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ఘాటుకి అన్నారు. నేనూ అదే నమ్మినట్టు ఊరుకున్నాను.

మర్నాడు చర్చిలో ప్రార్థన మనవుల వేళ ఒకావిడ కొడుకు పరీక్షల కోసం, ఇంకొకాయన మోకాళ్ళ కోసం అడిగారు. బాబాయిగారు లేచారు. వెనక బెంచీలో బావమరిది కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నా చెరువుకి తెల్లమచ్చండి," అన్నారు. ఎప్పటి గొంతు కాదు, వెనక్కి వినపడలేదు. పాస్టరుగారు, "కొంచెం గట్టిగా చెప్పండి," అన్నారు. ఊళ్ళో ఎవరూ ఆయన్ని ఎప్పుడూ ఆ మాట అడిగి ఉండరు.

"నా చెరువుకి తెల్లమచ్చ వచ్చింది. నిన్న చూశాను. తూము తియ్యలేదు, తియ్యను. బ్లీచింగ్ పెట్టేశాను. కాకులు చచ్చిన రొయ్యల్ని ఎత్తుకెళ్ళి మీ చెరువుల్లో పడేత్తాయి, కనిపెట్టుకోండి. ఎలా వచ్చిందంటారా..." అని ఆగారు. పిన్నిగారు తల వంచుకున్నారు. పిల్ల మంచిది కాదు అంటే అయిపోయేది. అందరం నమ్మేవాళ్ళం. "పీతలండి. నేనే తెచ్చాను. నేనే గట్టు మీద కూర్చుని కడిగాను."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనక బెంచీలోంచి బావమరిది పెద్దగా నవ్వాడు. అంతే, చర్చి మొత్తం నవ్వింది. పిల్లలు, ముసలమ్మలు, కీబోర్డు అమ్మాయి. పాస్టరుగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. బాబాయిగారు చెవులు ఎర్రబడి, బెంచీ అంచు పట్టుకుని, కూర్చోకుండా అలాగే నిలబడ్డారు. నవ్వు కాస్త తగ్గాక, "నవ్వండి. నవ్వి, ఎల్లి మీ మోటార్లు కట్టేసుకోండి. డ్రెయిను నీళ్ళు కొన్నాళ్ళు తోడొద్దు," అన్నారు. అంతవరకు ఆయనంటే నాకు ముచ్చట మాత్రమే. ఆ నవ్వులో ఆయన నిలబడిన తీరు చూశాక ఆయన్ని తల్చుకుంటే నా వెన్ను నిటారవుతుంది.

ఆరాధన అయ్యాక చాలామందిమి ఇళ్ళకి పోకుండా ఆయన గట్టు మీదికే పోయాం. ఆదివారం బట్టల్లోనే, చర్చిలో వాయించే కంజరలూ ఇంట్లోంచి తెచ్చిన పళ్ళేలూ వాయిస్తూ చీకటి పడేదాకా కాకుల్ని తోలాం. ఆయన కోసమని చెప్పను, ఎవరి చెరువు భయం వాళ్ళది. బావమరిది తన గట్టు మీద తనొక్కడే నిలబడి ఖాళీ మేతడబ్బా వాయించుకున్నాడు. ఆ సీజన్లో కింది చెరువులేవీ పోలేదు, అతనిదీ పోలేదు. అతను మాత్రం బాబాయిగారితో ఒక్క మాట మాట్లాడలేదు. పైగా బజారులో పీతల బావ అని పేరు పెట్టాడు. ఆ పేరు ఊళ్ళో బాగానే నిలబడింది. బాబాయిగారు పీతలు మానేశారా అంటే, లేదు. పిన్నిగారు పెరట్లో కడిగి వండేవారు, ఆయన తలుపు వేసుకుని తినేవారు. తర్వాతి పంటలు రెండు బాగానే వచ్చాయి. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవారు లేవలేదు. గుండె అన్నారు.

ఆ ఒక్క ఆదివారంతో ఊరు మారిపోయిందని చెబితే అబద్ధం. ఆయన బతికుండగానే, ఆ తర్వాత కూడా, తెల్లారగట్ల తూములు తెరిచినవాళ్ళున్నారు. సమాధి కార్యక్రమానికి బావమరిది వచ్చాడు. పెట్టె మోశాడు. అక్కతో కూడా ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

నెల తిరక్కుండానే ఒక ఆదివారం, ప్రార్థన మనవుల వేళ వెనక బెంచీ కిర్రుమంది. బావమరిది లేచి నిలబడి ఉన్నాడు. ముందు బెంచీ అంచు పట్టుకున్నాడు. పాస్టరుగారు ఓపిగ్గా చూస్తున్నారు.

"నా చెరువులో తెల్లమచ్చండి," అన్నాడు. "పొద్దున్న చూశాను. తూము మూసే ఉంచాను. కిందోళ్ళు నీళ్ళు తోడకండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన రెండో వాక్యానికి వచ్చేసరికి మగవాళ్ళం సగంమంది వరండాలో చెప్పులు వెతుక్కుంటున్నాం. మోటార్లు కట్టేసుకోవాలి, కాకుల సంగతి చూడాలి. పిన్నిగారు ఆడవాళ్ళ వైపు నుంచి లేచి బయటికి వచ్చి, మెట్ల మీద తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆపారు.

"మీ బావ ఉండి ఇది వినాల్సిందిరా," అన్నారు.

అతను చెయ్యి విడిపించుకోలేదు. "బావ ఉంటే చచ్చినా చెప్పేవోణ్ణి కాదక్కా," అన్నాడు. అని కళ్ళు తుడుచుకుని, మాకంటే ముందు చెరువు వైపు పరిగెత్తాడు.